పూజ పేరు మీద ఫరా చదివిన వార్తలు

నాలుగేళ్లపాటు సాయంత్రం ఏడు గంటలకు గద్వాల పట్టణం ఫరా గొంతు విన్నది. పేరు మాత్రం పూజ అని చదువుకున్నది.

ఊరి కేబుల్ ఛానెల్లో వార్తలు మొదలైన అర నిమిషానికి ఆ అమ్మాయి మెడ కింద ఒక నీలం పట్టీ వచ్చేది. దాని మీద పసుపు అక్షరాల్లో పూజ అని పడేది. పైన కనిపించే ముఖం పాత బస్టాండు దగ్గర ఆటో నడిపే యాసిన్ పెద్దబిడ్డది. బడి రిజిస్టరులో ఫరా, రేషన్ కార్డులో ఫరా, కాలేజీ హాల్ టికెట్ మీద ఫరా. ఏడు నుంచి ఏడుంబావు దాకా మాత్రం పూజ.

మొదటి వారం యాసిన్ ఆగలేకపోయాడు. ఆటోల అడ్డా ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో టీవీ వైపు చేయి చూపించి, చదివేది తన బిడ్డేనని అందరికీ చెప్పాడు. తోటి డ్రైవర్లు తెర వైపు చూశారు, పట్టీ మీది పేరు చదివారు, మళ్లీ యాసిన్ గడ్డం వైపు చూశారు.

“యాసిన్ భాయ్, నీ బిడ్డ పేరు పూజ ఎప్పుడాయె? మాకు దావత్ కూడ ఇయ్యకపోతివి” అన్నాడు హైదర్. హైదర్ ఆయనకు ఇరవై ఏళ్ల దోస్తు. ఆ మాటలో విషం లేదు. అందరూ నవ్వారు, యాసిన్ కూడా నవ్వాడు. రెండో వారం నుంచి మాత్రం ఏడు కాగానే ఆయన టీవీకి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. చాయ్ తాగుతూ వింటాడు, చూడడు. గొంతు కింద పట్టీ ఉండదు కదా.

ఇది అన్యాయమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఫరా అసలే అనలేదు.

అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే రెండు వేల పన్నెండుకు పోవాలి. ఫరా డిగ్రీలో చేరిన ఏడు. కేబుల్లో సినిమా నడుస్తుండగా, వార్తలు చదవడానికి అమ్మాయిలు కావాలని కింద ఒక లైన్ పరుగెత్తింది. ఫరా మరుసటి రోజే పోయింది. విత్తనాల దుకాణం మీది అంతస్తులో రెండు గదులు. ఒక దానిలో వైర్లు, రెండో దానిలో గోడకు ఆకుపచ్చ గుడ్డ, ఒక బల్ల, ఒక కెమెరా. ఛానెల్ నడిపే గణేష్ ఆమె చేతికి కాగితం ఇచ్చి, ఫోను చూసుకుంటూనే చదవమన్నాడు. అది పత్తి విత్తన రైతుల ధర్నా వార్త. మొదటి వాక్యం అయిపోగానే ఆయన ఫోను పక్కన పెట్టాడు. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి పక్కగదిలో ఉన్న భార్యను పిలిచి మరీ వినిపించాడు. ఆ తర్వాత పెన్ను తీసుకుని పేరు అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన రాసుకోలేదు.

“గట్లుంటే నడవదమ్మా. తెలుగు వార్తలు గద. కింద ఫరా అని పడితే జనం అడుగుతరు. పూజ అని పెడ్దాం.”

“ఇంతకుముందు ఎవరన్న అడిగిన్రా సార్?”

“అడుగుతరమ్మా.”

“ఎవరు?”

“జనం” అన్నాడు గణేష్, కొంచెం విసుగ్గా.

ఫరాకు అప్పుడు కోపం రాలేదు. ఆ జనం ఎవరో చూడాలన్న కుతూహలం పుట్టింది. ఉద్యోగం కావాలన్న ఆశ కూడా తక్కువేం కాదు. సరే సార్ అన్నది. రెండో రోజు నుంచి గణేష్ భార్య ఆమె ముఖానికి పౌడర్ అద్ది, నుదుట చిన్న బొట్టుబిళ్ల అంటించేది. బులెటిన్ అయిపోయాక తండ్రి ఆటోలో ఇంటికి పోతూ ఫరా దాన్ని పీకి పారేసేది. యాసిన్ అద్దంలో ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు మళ్లించేవాడు. ఇంట్లో తల్లి తాజ్‌బీ నుదుటి మీద మిగిలిన జిగురును కొంగుతో తుడిచేది. 

గణేష్‌ను అంతగా కట్టిపడేసిన ఆ చదువు ఆమెకు ఎక్కడ అబ్బింది? ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన పిల్లకు అంత తేట తెలుగు ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్న తర్వాతి రోజుల్లో ఆమెను చాలామంది అడిగారు. జవాబు వాళ్ల వీధిలోనే ఉండేది. ఇంటికి మూడిళ్ల అవతల వెంకటన్న మగ్గం.

గద్వాల చీర నేసే మగ్గం దగ్గర నిలబడ్డవాళ్లకు తెలుసు. ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. ఈ పక్క అంచుకు పోగును మోసుకుపోయే నాడె ఒకటి, నడుమకు ఒక నాడె, ఆ పక్క అంచుకు ఇంకొక నాడె. నాడెలు మూడు తిరుగుతుంటే కళ్లు పక్కకు పోవడానికి లేదు. వెంకటన్నకేమో పేపరు పిచ్చి. పొద్దున వచ్చిన పేపరు సాయంత్రం దాకా చదవకుండా ఉంటే ఆయనకు అన్నం సయించదు. అందుకని ఎనిమిదేళ్ల ఫరాను పిలిచి గడప మీద కూర్చోబెట్టి చదివించుకునేవాడు. తెలుగు మీడియం బడిలో చదివే పిల్ల. మొదట కూడబలుక్కుంది, తర్వాత పరుగెత్తింది.

పరుగెత్తితే లాభం లేదు. మగ్గం దెబ్బ పడ్డప్పుడల్లా మాట మునిగిపోతుంది. వెంకటన్న తల ఎత్తకుండానే అనేవాడు: “ఏమన్నవు బిడ్డా? సగం మగ్గం మింగె. దెబ్బకు దెబ్బకు నడుమ చెప్పు.”

ఆ పిల్ల అట్లాగే నేర్చుకుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎన్ని మాటలు పడతాయో అన్నే చెప్పాలి. చివరి మాటను కిందికి జారవిడవకుండా కాస్త ఎత్తి పట్టాలి. దెబ్బ పడేంత సేపు ఆగాలి. వినేవాడు ఆ ఆగిన చోట మాటను లోపలికి తీసుకుంటాడు. ఖ, ధ, భ లాంటివి ఇంటి భాష వల్ల ముందే నోట్లో ఉన్నాయి. వెంకటన్న పట్టుబట్టి నేర్పింది ణ, ళ. ఒక్క ళ సరిగ్గా పలకనందుకు ముఖ్యమంత్రి వార్తను నాలుగుసార్లు చదివించిన రోజు ఉంది. పదేళ్లలో ఆ గడప మీద ఆమె చదవని వార్త లేదు. చదివినదల్లా అడిగేది కూడా. మామా, బడ్జెట్ అంటే ఏంది? మామా, యుద్ధం ఎవరు మొదలుపెట్టిండ్రు? ఈ పేపరోళ్లకు అక్కడి ముచ్చట గింత జల్దీ ఎట్ల తెలుస్తది? కొన్నిటికి ఆయన జవాబు చెప్పేవాడు, కొన్నిటికి విననట్టు మగ్గంలో నాడె విసిరేవాడు.

ఇంత కష్టపడి తయారైన గొంతు మీద ఇంకొకరి పేరు పడింది.

ఫరా జనాన్ని వెతకడం మానలేదు. కాలేజీలో, బస్సులో, గాజుల దుకాణంలో, ఎవరితో మాట కలిసినా ఒక ప్రశ్న అడిగేది. కేబుల్ వార్తలు చదివే పిల్ల సాయిబుల పిల్ల అయితే మీరు చూడరా? పౌడరూ బొట్టూ లేని ఆమెను చాలామంది గుర్తుపట్టక, ఎవరో పరీక్ష కోసం అడుగుతున్నారనుకునేవారు. ఛానెల్ కింద విత్తనాలు అమ్మే ముసలాయన తల గోక్కుని, “నేను వాన ఎప్పుడు పడ్తదో చూస్తనమ్మా. పిల్ల పేరు నాకెందుకు?” అన్నాడు. నాలుగేళ్లలో ఎంతమందిని అడిగిందో ఆమెకే లెక్క లేదు. అందరిలోకీ ఒక్కడు, ఛానెల్‌కు ప్రకటనలిచ్చే బట్టల షావుకారు మాత్రం, మన పిల్ల అయితే మనకు మంచిగుంటది గద అన్నాడు. గణేష్ చెప్పిన జనమంటే ఆయన ఒక్కడే. ఆ ఒక్కడూ గణేష్‌ను నోరు తెరిచి అడగలేదు. అడుగుతాడేమోనన్న భయం మీద ఒక ఆడపిల్ల పేరు తుడిచేశారు.

ఆమె గొంతు బాగుందని మున్సిపాలిటీ వాళ్లు ఒక ఆగస్టు పదిహేనున సన్మానం చేశారు. మైకులో పూజ అని పిలిస్తే లేచి వెళ్లి, పూజ అని చెక్కిన గాజు జ్ఞాపిక తీసుకుంది. ఇంటికి తెచ్చాక తాజ్‌బీ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది ఎవరిదని అడిగింది. నా దోస్తుది అమ్మీ అన్నది ఫరా. తాజ్‌బీకి తెలుగు చదవడం రాదు. బిడ్డ ముఖం చదవడం మాత్రం వచ్చు. 

డిగ్రీ అయిపోయాక ఇంకో ఏడాది ఆ కుర్చీలోనే ఉండి, ఆమె హైదరాబాదుకు పోయి జర్నలిజం చదివింది. ఆ తర్వాత మూడేళ్లు ఒక వీడియో వార్తల సంస్థలో అనువాదం చేసింది. ఉర్దూ, తెలుగు, హిందీ వార్తలను ఇంగ్లిష్‌లోకి మార్చడం పని. ఆమె రాసినవి ఎక్కడెక్కడో ఎవరెవరో చదివేవారు. ముఖం లేదు, గొంతు లేదు, పేరు కూడా లేదు. అయినా ఆ పనిలో ఆమెకు ఇంగ్లిష్ చేతికొచ్చింది. రెండు వేల ఇరవై ఒకటిలో, గల్ఫ్ దేశాలకూ ఆఫ్రికాకూ ఆసియాకూ ఇంగ్లిష్‌లో వార్తలు ఇచ్చే ఒక ఛానెల్ దుబాయిలో కొత్త యాంకర్లను చూస్తున్నదని తెలిసి దరఖాస్తు పెట్టింది.

పరీక్ష తీసుకున్నది డేవిడ్ అనే కేరళ మనిషి, సాయంత్రం బులెటిన్‌కు ప్రొడ్యూసర్. ఎదురుగా కెమెరా ముందు గాజు పలక, దాని మీద కిందినుంచి పైకి పాకే అక్షరాలు, చెవిలో చిన్న వైరు. ఆ వైరులో ఎవరో మాట్లాడుతుంటే వింటూనే ఇంకొకటి చదవాలి. మిగిలినవాళ్లు అక్కడే తడబడ్డారు. మగ్గం చప్పుడులో పదేళ్లు చదివిన మనిషికి చెవిలో ఒక మనిషి మాట్లాడటం పెద్ద అడ్డు కాదు. డేవిడ్ ఆమె ఆగే తీరు చూసి ఆశ్చర్యపోయాడు. మాటకూ మాటకూ మధ్య ఇంత స్థలం ఎందుకు వదులుతున్నావని అడిగాడు. ఆమె వెంకటన్న మగ్గం సంగతి చెప్పింది. ఆయన, మా ఛానెల్ చూసేవాళ్లలో సగం మందికి ఇంగ్లిష్ సొంత భాష కాదు, వాళ్లకు ఆ స్థలం కావాలి అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు ఒక ఫారం ఇచ్చారు. తెర మీద పడాల్సిన పేరు అని ఒక గడి. ఫరా మిగిలినవన్నీ నింపి ఆ గడి ఖాళీగా వదిలేసి తెచ్చిచ్చింది. డేవిడ్ ఆ గడి మీద వేలు పెట్టాడు. మీరు ఏ పేరు ఇస్తారో చెబితే రాస్తానన్నది ఆమె. ఆయనకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ, ఈసారి హిందీలో, విడమరచి అడిగింది: మీరు నాకు ఏం పేరు పెడుతున్నారు?

తన మాట తన చెవిన పడ్డాక గాని ఫరాకు తెలియలేదు తానేం అడిగిందో. పని నేర్చుకున్న చోట అదే పద్ధతి. గొంతు మనం తీసుకుపోవాలి, పేరు వాళ్లు ఇస్తారు. తొమ్మిదేళ్ల కింద విసుగ్గా అన్న ఒక్క మాట ఎముకలోకి ఇంకిపోయింది. డేవిడ్ పెన్ను ఆమె వైపు జరిపాడు. ఆమె రాసిన రెండు అక్షరాల పేరుకు చాలా సేపు పట్టింది.

మొదటి బులెటిన్ సాయంత్రం ఆరు గంటలకు. గద్వాలలో అప్పటికి ఏడున్నర. చాయ్ హోటల్లో హైదర్ తన ఫోనులో ఛానెల్ పెట్టి, ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా పదిమంది చుట్టూ మూగారు. పట్టీ వచ్చింది. హైదర్ ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. యాసిన్ ఈసారి తెర వైపు తిరిగి చూశాడు. బులెటిన్ అయిపోయాక ఫోను చేసి కూతురితో చాలా సంగతులు మాట్లాడాడు. వానలు ఎట్లున్నాయి, అక్కడ అన్నం దొరుకుతున్నదా, ఆటోకు ఇంజను పని పడింది, అన్నీ చెప్పాడు. పేరు సంగతి మాత్రం ఎత్తలేదు. పెట్టేసే ముందు, హైదర్ గాడికి చాయ్ తాపిచ్చిన అన్నాడు.

ఆ రోజు నుంచి ఫరాకు ఒక అలవాటు పట్టుకుంది. వార్తలో ఎవరి పేరు వచ్చినా, ఆ పేరును ఆ మనిషి ఊరివాళ్లు ఎట్లా పిలుస్తారో కనుక్కోకుండా చదవదు. ఏ దేశంలోనో భూకంపం వస్తే ఆ దేశపు దుకాణదారునో, టాక్సీ నడిపేవాడినో దుబాయిలోనే పట్టుకుని అడుగుతుంది. మీ దగ్గర ఈ పేరును ఏమని అంటారు? అమ్మ ఎట్లా పిలుస్తుంది? ఆ కుతూహలం చూసి తోటివాళ్లు మొదట ఎగతాళి చేశారు. ఒక ఏడాది గడిచాక వాళ్లే కాగితాలు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి రావడం మొదలైంది.

ఆ అలవాటు విలువ ఎంతో ఒక రోజు యాసిన్‌కు కూడా తెలిసింది. పొరుగు దేశంలో ఒక కట్టడం దగ్గర గోడ కూలి ముగ్గురు భారతీయ కూలీలు చనిపోయారని పొద్దున వార్త వచ్చింది. కాంట్రాక్టరు ఇచ్చిన జాబితాలో ఒకరి పేరు రాములు, ఊరు పెద్దమందడి. ఫరా చేతిలో కాగితం ఆగిపోయింది. తన ఊరి నుంచి వనపర్తికి పోయి, అక్కడ బస్సు మారితే వచ్చే ఊరు. ఆమెకు ఆ ఊళ్లో ఎవరూ తెలియదు. తండ్రికి ఫోను చేసింది. యాసిన్ ఆటోను అడ్డాలో వదిలి వనపర్తి బస్సెక్కాడు.

పెద్దమందడిలో ఆ ఇల్లు వెతకాల్సిన పని పడలేదు. పొద్దున్నే కాంట్రాక్టరు మనిషి ఫోను చేసి చెప్పాడట, వాకిలి నిండా జనం. యాసిన్ బయటే చాలాసేపు నిలబడ్డాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి పోయి పేరు ఎట్లా పలకాలమ్మా అని ఏ నోటితో అడుగుతాడు? చివరికి చచ్చిపోయిన మనిషి భార్య పుష్పమ్మ దగ్గరికి పోయి, తన బిడ్డ ఏం పని చేస్తుందో చెప్పి, ఒకే మాట అడిగాడు.

“ఆయన్ను ఇంట్ల ఏమని పిలుస్తరమ్మా?”

“చిన్నరాములు” అన్నది ఆమె. అని, కళ్లు తుడుచుకుని, ఇంకా చెప్పింది. “మా బావ పెద్దరాములు. ఇద్దరికీ తాత పేరే పెట్టిన్రు. బావ కూడ ఆ దేశంలనే కూలికి పోయిండు, ఆయన పెండ్లాం మా అక్క బొంబాయిల ఉంటది. టీవీల రాములు అని వస్తే ఆడ మా అక్కకు గుండె ఆగుతది. చిన్నరాములని చెప్పమను అన్నా. బతికున్నోన్ని సంపొద్దని చెప్పు.”

ఒకే తాత పేరు అన్నదమ్ములిద్దరికీ పెట్టి, పెద్ద, చిన్న అని పిలుచుకోవడం పాలమూరు పల్లెల్లో కొత్త కాదు. పాస్‌పోర్టు రాసినవాడికి ఆ చిన్న అక్కర్లేదనిపించింది, కొట్టేశాడు. పుష్పమ్మకు ఆ చిన్నలోనే మొగుడు ఉన్నాడు. ఆ సాయంత్రం దుబాయి నుంచి ఇరవై దేశాలకు పోయిన బులెటిన్‌లో ఫరా ఆగి, చిన్నరాములు, పెద్దమందడి అని చదివింది. మిగిలిన ఇద్దరి పేర్లు కూడా వాళ్ల ఊళ్లలో ఎట్లా పిలుస్తారో అట్లాగే చదివింది. బొంబాయిలో పెద్దరాములు భార్య ఆ వార్తను ఫోనులో చూసిందని, ముందు ఊపిరి పీల్చుకుందని, ఆ తర్వాత ఏడ్చిందని పుష్పమ్మ తర్వాత యాసిన్‌కు చెప్పింది.

ఇక్కడితో ఆపితే ఇది గెలిచిన పిల్ల కథ. గెలిచిన పిల్ల కథలు చెప్పుకోవడం మనకు ఇష్టం, ఎందుకంటే అందులో మనం చేయాల్సింది ఏమీ ఉండదు. కాని ఫరా రెండు వేల ఇరవై ఐదులో పీర్ల పండుగకు ఇంటికొచ్చింది.

బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ. అంతర్జాతీయ న్యూస్ యాంకర్, గద్వాల ముద్దుబిడ్డ ఫరా గారికి స్వాగతం అని. కట్టించింది గణేష్. ఇప్పుడు ఆయన ఛానెల్‌కు సొంత బిల్డింగు ఉంది, యూట్యూబు ఉంది. మర్నాడు స్టూడియోలో సన్మానం, ఏడు గంటలకు లైవ్ ముచ్చట అని కబురు పంపాడు. యాసిన్ ఫ్లెక్సీ కింద ఆటో ఆపి, పైనుంచి కింద దాకా చదివి, గిప్పుడు పేరు మంచిగనే రాసిండు అన్నాడు.

ఫరా ఆ సాయంత్రం ఇంట్లో టీవీ పెట్టింది. తన కుర్చీలో ఇప్పుడు ఎవరున్నారో చూడాలని. ఇరవై ఏళ్ల పిల్ల, చక్కగా చదువుతున్నది. పట్టీ రంగు మారింది. దాని మీద పేరు పూజ. ఈమె కూడా పూజేనని బయటివాళ్లు అంటుంటే విన్న తాజ్‌బీ వేళ్లు మడిచి చెప్పింది: నువ్వు పోయినంక ఇద్దరు వచ్చారు, నీతో కలిపితే ఈమె మూడో పూజ.

మరుసటి రోజు ఫరా గంట ముందే స్టూడియోకు పోయింది. ఆ పిల్ల మేకప్ గదిలో కాగితాలు సర్దుకుంటున్నది. లేచి నమస్తే మేడం అన్నది.

“నీ పేరేంది?”

“పూజ మేడం.”

“అది నాది గదా” అన్నది ఫరా.

ఆ పిల్లకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అసలు పేరు చెప్పింది. మానవపాడు దిక్కు పల్లె వాళ్లది. కౌలుకు పట్టిన చేన్లో పత్తి విత్తనాలు పండిస్తారు. పుట్టినప్పుడు అవ్వ పేరు పెట్టారు. అది ముసలోళ్ల పేరులా, ఊరోళ్ల పేరులా ఉందని, జనం అడుగుతారని గణేష్ అన్నాడట. ఆమె అసలు పేరు ఏమిటన్నది ఇక్కడ రాయడం లేదు. ఆమె వద్దన్నది.

ఫరా ఆమె చేయి పట్టుకుని, నేను ఈ రోజు లైవ్‌లో చెప్పేస్తానన్నది. నీ సంగతీ, నా సంగతీ, మొత్తం.

ఆ పిల్ల చేయి వెనక్కి తీసుకుంది. మేడం అన్న మాట కూడా పోయింది.

“అక్కా, నీ పేరు నువ్వు చెప్పుకో. నాది చెప్పకు. నువ్వు వారం దినాలకు విమానం ఎక్కుతవు. నేను రేపు ఏడు గంటలకు మళ్ల ఈడనే కూసోవాలె.”

 ప్రపంచంలో ఎవరెవరి పేర్లో అడిగి తెలుసుకున్న మనిషి, ఈ పిల్లను ఒకటి అడగకుండానే ఆమె పేరును తన చేతిలోకి తీసుకోబోయింది. గణేష్ చేసిన పనికి ఇది ఎంత దూరం? ఆ సంగతి తెలిసి ఆమె మెల్లగా, మరి ఏం చేస్తే నీకు మంచిదని అడిగింది.

ఆ పిల్ల కాగితాలు బల్ల మీద పెట్టింది. “నువ్వు చెప్తే సార్‌కు నా మీద కోపమొస్తది. నేనే నూరిపోసిన్నంటడు. చూసేటోళ్లు అడిగిండ్రనుకో, ఎవరి మీద కోపం తెచ్చుకుంటడు?”

లైవ్ మొదలైంది. గణేష్ రాసిచ్చిన ప్రశ్నలు ఆ పిల్ల చేతిలో ఉన్నాయి. మీరు మొదట ఎక్కడ వార్తలు చదివారు మేడం అన్నది మొదటి ప్రశ్న. “ఈడనే, నీ కుర్చీలనే. నాలుగేండ్లు చదివిన. కింద మాత్రం పూజ అని పడుతుండె” అన్నది ఫరా. కెమెరా వెనక గణేష్ చేతులు కట్టుకున్నాడు. ఆ పిల్ల కాగితం వైపు చూసింది, తర్వాత కాగితాన్ని బల్ల మీద బోర్లించింది. “మీకు బాధ కాలేదా?” అని అడిగింది. ఆ ప్రశ్న గణేష్ రాసింది కాదు.

“అయింది” అన్నది ఫరా. “అయినా అడగలే. అడిగితే కుర్చీ పోతదనుకున్న.”

శాలువా కప్పడం, ఫొటోలు దిగడం అయిపోయాక గణేష్ ఆమెను పక్కకు పిలిచాడు. కోపం లేదు, సిగ్గు కొంచెం ఉంది. ఆ కాలం వేరమ్మా అన్నాడు. మరి ఈ కాలంలోనైనా చదివేవాళ్ల సొంత పేరు వేయవచ్చు గదా సార్ అని ఫరా అడిగింది. ఆ పిల్ల ఊసు ఎత్తకుండా, ఛానెల్ పద్ధతి గురించి అడిగినట్టే అడిగింది.

“నాకేమన్న పట్టింపా అమ్మా? జనం అడిగితే ఈ రోజే మారుస్త” అన్నాడు గణేష్. “జనం అడుగుతలేరు గద.”

అప్పుడు జనం అడుగుతారని పేరు తీశాడు. ఇప్పుడు జనం అడగడం లేదని పేరు ఇవ్వడం లేదు. ఈ రెండు మాటల నడుమ ముగ్గురు ఆడపిల్లలు పూజలయ్యారు. రెండుసార్లూ ఆయన ఎవరి పేరు వాడుకున్నాడో చూడండి. మన పేరు. మనల్ని అడగకుండానే.

ఫరా దుబాయికి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఇంకా ఏడు గంటలకు పూజగానే చదువుతున్నది. ఇది ఒక్క గద్వాలలో జరిగేదీ కాదు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, మీ ఊళ్లో, మీరు రోజూ చూసే స్థానిక ఛానెల్లో కింద పట్టీ మీద ఉన్న పేరు ఆ అమ్మాయిదో కాదో మీకు తెలుసా? తెలియకపోతే కనుక్కోండి. గొడవ పడాల్సిన పని లేదు, ధర్నా అక్కర్లేదు. ప్రకటనల కోసం వాళ్లు వేసే ఫోను నంబరుకే చేసి, వార్తలు చదివే అమ్మాయిని ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో, ఆ పేరే మేం తెర మీద చూస్తాం అని చెప్పండి. ఆమె ఎవరని ఆరా తీయొద్దు, కులమేదని అసలే అడగొద్దు. మీరు ప్రకటన ఇచ్చే దుకాణదారులైతే మీ మాట ఇంకా తొందరగా చెవికెక్కుతుంది. ఒకరు అడిగితే చూద్దామంటారు. యాభైమంది అడిగితే పట్టీ మారుస్తారు. నంబరు బులెటిన్ చివర, వాతావరణం తర్వాత వస్తుంది. రాసుకోండి, రేపు పొద్దున చేయండి.